పులివేషాన్ని లాంగ్ షాట్‌లో తీయాలా, క్లోజప్‌లో తీయాలా?

బరంపురం సభ్యుడు: రెండేళ్లకోసారి మా బరంపురంలో జరిగే ఠాకురాణి జాతర మీద మా బృందం ఒక చిన్న డాక్యుమెంటరీ తలపెట్టింది. పులివేషం వేసినవారి ఆటను తల నుంచి పాదం దాకా కనిపించేలా, కట్ లేకుండా ఒకే లాంగ్ షాట్‌లో చూపాలని నా పట్టుదల. క్లోజప్‌లు లేకపోతే ఎవరూ చూడరని ఎడిటర్ అంటున్నారు. మీ అభిప్రాయాలు తెలపగలరు.

రాయగడ అధ్యాపకుడు: ఎడిటర్‌గారి మాటే సరైనది. 1928లో డ్రేయర్ తీసిన 'ది ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' అనే మూకీ చిత్రం చాలావరకు ముఖాల క్లోజప్‌ల మీదనే నడుస్తుంది, అయినా కథానాయిక వేదన చూసేవారిని ఈనాటికీ కదిలిస్తుంది. పులివేషగాని ఒంటి మీది నల్లచారలు చెమటకు కరిగి మెడ మీదికి జారడం, కనురెప్ప మీద రంగు ఎండి బీటలు వారడం ఏ లాంగ్ షాట్‌లో కనిపిస్తాయి?

పులివేషగాని మనవడు: ఆట పాదాల్లో ఉంటుంది, కనురెప్పల్లో కాదు. హాలీవుడ్‌లో ఫ్రెడ్ ఆస్టెయిర్ తన నృత్యాలను నిలువెత్తున, వీలైనంత తక్కువ కట్‌లతో తీయాలని పట్టుబట్టేవాడు. మా తాతగారి పులి ఆటను ఒకప్పుడు ఒక వీడియో సంస్థవారు చిత్రీకరించారు. ఆయన పోయాక అడుగులు నేర్చుకుందామని అది వేసి చూస్తే అన్నీ ముఖాలే. డప్పు దరువు వినిపిస్తుంది గాని, ఆ దరువుకు ఏ కాలు ముందు పడిందో తెలియదు.

గుణుపురం సభ్యురాలు: రెండూ తీసి ఎడిటింగులో తేల్చుకోవచ్చు కదా!

రాయగడ అధ్యాపకుడు: పాదాల మీద అంత మమకారముంటే, మోకాళ్ల దగ్గర ఆగే అమెరికన్ షాట్‌తో రాజీ పడవచ్చు. ముఖమూ దక్కుతుంది, ఒంటి కదలికా దక్కుతుంది.

పులివేషగాని మనవడు: మోకాళ్ల దగ్గర కోసేస్తే పాదాలు ఎక్కడ దక్కాయి? మీరు నా మాట చదవకుండానే జవాబిస్తున్నారు.

పర్లాకిమిడి కెమెరామన్: అసలు చిక్కు మరొకటి ఉంది. వీధిలో నేల మీద నిలబడి తీస్తే జనం అడ్డుపడి పాదాలు ఎలాగూ కనిపించవు. మేడ ఎక్కి తీస్తే పులి ఎగిరిన ఎత్తు చదునైపోతుంది. ఎత్తైన అరుగు మీద స్టాండు వేసుకోవడం మేలు. ఊరేగింపుకు ఒకే పక్కన ఉండండి, ఎందుకంటే ఊరేగింపు సాగే దారి వెంట మనం ఊహించుకునే గీత దాటి అవతలి వైపు నుంచి తీసిన షాట్‌ను కలిపితే గుడికి వెళ్తున్న పులి వెనక్కి వస్తున్నట్టు కనిపిస్తుంది. 1948లో హిచ్‌కాక్ 'రోప్' తీసినప్పుడు కెమెరా మ్యాగజైనులో, అంటే ఫిల్ము చుట్ట పెట్టే డబ్బాలో, వెయ్యి అడుగుల ఫిల్మే పట్టేది కాబట్టి షాట్ పది నిమిషాలకు మించడం కష్టమయ్యేది. డిజిటల్‌లో ఆ ఇబ్బంది లేదు.

రాయగడ అధ్యాపకుడు: నిడివి పెరిగినంత మాత్రాన కళ పెరగదు. కదలని కెమెరా ముందు ఆటంతా ఆడించి దాన్ని సినిమా అనడం నాకు అంగీకారం కాదు. మనవడిగారికి కావలసింది చిత్రం కాదు, పాఠం.

పులివేషగాని మనవడు: అవును, పాఠమే కావాలి! మీరు భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చుని చూసేవారి కోసం మాట్లాడుతున్నారు, నేను వచ్చే జాతరకు పులివేషం కట్టబోయే మా వీధి కుర్రవాడి కోసం మాట్లాడుతున్నాను. ముఖం చూసి ముచ్చటపడేవారికి ఆ ఆట ఉన్నా లేకపోయినా ఒకటే.

రాయగడ అధ్యాపకుడు: ఆ మాట అన్యాయం. బయటివారు చూసి ముచ్చటపడకపోతే ఆ కుర్రవాడిని ఆదరించేదెవరు? వీధివారి కోసమే అయితే చిత్రం దేనికి, ఫోను చాలు.

బరంపురం సభ్యుడు: అరుగు మీది కెమెరాను ఆట మొదలు నుంచి చివరి దాకా ఆపము. ఆ ఫుటేజీని కోయకుండా ఆడినవారి కుటుంబాలకే ఇస్తాము. చిత్రంలో మాత్రం క్లోజప్‌లు ఉంటాయి.

పులివేషగాని మనవడు: ఇంట్లో ఇచ్చేది సరే. చిత్రంలో కనీసం ఒక ఆటైనా పాదాలతో సహా పూర్తిగా ఉంటుందా, ఉండదా? దానికి జవాబు చెప్పండి.