టాకో విందులో ఎవరికి వారే వడ్డించుకోవాలా, ఒకరు నిలబడి చేసి ఇవ్వాలా?

పెసరట్టు ప్లేనో:
మా అమ్మాయి హైస్కూలు చదువు పూర్తయింది. జూన్ మొదటి శనివారం సాయంత్రం, డల్లాస్ పక్కన ప్లేనోలోని మా పెరట్లో అరవై మందికి భోజనం. బిర్యానీ వద్దు, రొట్టెలో కూర పెట్టి మడిచే మెక్సికన్ టాకోలే కావాలని దాని పట్టుదల. అక్కడివరకు ఇంట్లో అందరిదీ ఒకే మాట. రొట్టెలు, కూరలు, సల్సాలు (టమాటా, మిరప పచ్చళ్లు) బల్ల మీద పరిచి ఎవరికి కావలసినట్టు వారు చేసుకోమందామని నేను అంటున్నాను. పెనం దగ్గర ఒక మనిషి నిలబడి వేడివేడిగా చేసి ఇవ్వాల్సిందేనని మా వారు. వచ్చేవారిలో సగం మంది శాకాహారులు, పిల్లలు ఎక్కువ. మీరు ఎటువైపు? కారణంతో సహా చెప్పండి.

శాన్ ఆంటోనియో బాబాయి:
నేను మీ వారి పక్షం. మెక్సికోలో విందుకు టాకోలు పెడితే తాకీసా అంటారు. అందులో తాకేరో, అంటే టాకోలు చేసే మనిషి, పెనం ముందు నిలబడి రొట్టె కాల్చి, మాంసం వేసి చేతికి ఇస్తాడు. ఉల్లి తరుగు, కొత్తిమీర, నిమ్మచెక్క, సల్సా మాత్రం అతిథి వేసుకుంటాడు. ఈ పని విభజనకు కారణం రొట్టెలోనే ఉంది. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, రుబ్బిన పిండితో చేసే రొట్టె అది. వేడిగా ఉన్నంతసేపే మడత పడుతుంది. చల్లారితే మడత దగ్గరే చీలుతుంది, రసమంతా చొక్కా మీదికి కారుతుంది. అందుకే చాలా దుకాణాల్లో రెండు చిన్న రొట్టెలు జంటగా వేస్తారు. బల్ల మీద గుట్టగా పెట్టిన రొట్టెలు పదో మనిషి వచ్చేసరికి ఏమవుతాయో ఆలోచించండి.

ఆస్టిన్ వంకాయ:
బాబాయి గారూ, మెక్సికో నగరంలోనే పెనం లేని టాకోలు ఉన్నాయి కదా! తాకోస్ దె కనాస్తా. బంగాళాదుంప, చిక్కుళ్లు (రాజ్మా లాంటి గింజలు) వంటివి పెట్టి మడిచి, నూనె రాసి, గుడ్డ పరిచిన బుట్టలో సర్ది సైకిలు మీద తెచ్చి అమ్ముతారు. ఆ ఆవిరికే గంటల తరబడి మెత్తగా ఉంటాయి. మన ఇళ్లలో హాట్ ప్యాకులు ఎన్ని లేవు? రొట్టెలు పెనం మీద వేడిచేసి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాతికేసి చొప్పున హాట్ ప్యాకుల్లో పెడితే చపాతీల్లాగే మెత్తగా నిలుస్తాయి. ఒకేసారి అన్నీ తీయకుండా ఒక్కొక్కటి బల్ల మీదికి తేవాలి.

అసలు అరవై మందికి ఒక్క మనిషి ఎలా చేసి ఇస్తాడు? తలా మూడు వేసుకున్నా 180 టాకోలు. ఇక మన వాళ్ల సంగతి: వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అని ఊరికే అన్నారా? ఎవరికి ఎంత, ఎవరికి ఏది అన్నది మరొకరి చేతిలో పెట్టడం నాకు నచ్చదు. పిల్లాడు జున్ను (చీజ్), చిక్కుళ్లు మాత్రమే తింటానంటే తిననివ్వండి.

గోంగూర హ్యూస్టన్:
మీరిద్దరూ రొట్టె గురించే వాదించుకుంటున్నారు. సగం మంది శాకాహారులని ఆమె చెప్పింది. దాని గురించి ఎవరైనా మాట్లాడారా?

ఒకే పెనం మీద కోడి మాంసం వేగి, అదే కొవ్వులో రొట్టె కాలితే నేను ఆ రొట్టె ముట్టను. చేసి ఇచ్చే మనిషి పట్టకారు ఒకటే ఉంటుంది, హడావిడిలో కడగడు. అంతా కలిపి పెట్టిన బల్ల దగ్గరా అంతే: కోడి కూర గరిటె చిక్కుళ్ల గిన్నెలోకి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడరు. గరిటెలు వేరుచేస్తే చాలదు. బల్లే వేరు ఉండాలి, పెరట్లో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి.

కంటికి కనబడనివి ఇంకా ఉన్నాయి. మెత్తగా మెదిపి వేయించిన చిక్కుళ్లలో సంప్రదాయంగా వేసేది పంది కొవ్వు. డబ్బాల్లో వచ్చే వాటిలోనూ చాలా రకాల్లో అది ఉంటుంది, శాకాహారం అని రాసి ఉన్నవే కొనాలి. మైదా రొట్టెల్లోనూ కొన్నింటిలో ఉంటుంది. ఎర్రటి మెక్సికన్ అన్నాన్ని తరచుగా కోడి రసంతో వండుతారు. బయట నుంచి తెప్పిస్తే ప్రతిదాని గురించి ముందే అడగండి. "వెజ్" అని చీటీ పెడితే సరిపోదు, ఏం వేశారో రాయండి. మాంసం గిన్నె మీద కోడా, ఆవా, పందా అన్నది కూడా పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇంటికి పిలిచిన మనిషి తన ఆచారం గురించి గిన్నె గిన్నెకూ అడగాల్సి రావడం మర్యాద కాదు.

వేడి అరవై:
ఎవరు వడ్డించినా డల్లాస్ ఎండ ఒకటే. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క ఇది: వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు, చల్లటిది 4 డిగ్రీలు దాటకూడదు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఆహారాన్ని రెండు గంటల్లోపు తినేయాలి. బయట వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. జూన్‌లో ప్లేనోలో సాయంత్రం కూడా అది దాటే రోజులు ఉంటాయి. కింద మంట, నీళ్ల పళ్లెం ఉండే వడ్డన పాత్రలు ఉన్న వేడిని నిలబెడతాయే కానీ చల్లటి కూరను వేడెక్కించవు. పొగలు కక్కుతున్నప్పుడే నింపండి. పెద్ద గిన్నె ఒకటి పెట్టవద్దు, చిన్నవి తరచుగా మార్చండి. సోర్ క్రీము, జున్ను మంచు పరిచిన పళ్లెంలో ఉండాలి. గ్వాకమోలీలో (అవకాడో ముద్ద) నిమ్మరసం కలిపి, పైన ప్లాస్టిక్ పొర గాలి చొరకుండా అంటించి, ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచి కొంచెం కొంచెం తెండి.

ఇర్వింగ్ మేనల్లుడు:
నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి. మీ అమ్మాయి అడుగుతున్న టాకో ఏదో ఆమెను అడిగారా? మా బడిలో మేం తిన్నది గట్టి పెంకు టాకో, అంటే రొట్టెను ముందే మడిచి కరకరలాడేలా వేయించినది. అది మెక్సికో వీధిది కాదని దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు బాధ కలిగిస్తుంది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1937 నుంచి నడుస్తున్న మిట్లా కఫేలో మెక్సికన్ అమెరికన్లు కరకరలాడే టాకోలు అమ్మేవారు. ఎదురుగా దుకాణం నడిపిన గ్లెన్ బెల్ ఆ పద్ధతి అక్కడ నేర్చుకుని, 1962లో అదే రాష్ట్రంలోని డౌనీలో టాకో బెల్ అనే భోజనశాల తెరిచాడు. పెంకులను వేయించే పరికరానికి న్యూయార్క్‌లో భోజనశాల నడిపిన మెక్సికన్ హువెన్సియో మాల్దొనాదోకు 1950లో పేటెంట్ వచ్చింది. ఇదీ మెక్సికన్ల చేతి వంటే. మెక్సికో గర్వంగా చెప్పుకొనే అల్ పస్తోర్ (సీకు మీద కాల్చిన పంది మాంసం టాకో) కూడా లెబనాన్ నుంచి వలస వచ్చినవారి నిలువు సీకు మీద నుంచి వచ్చిందే కదా.

పైగా గట్టి పెంకుకు బాబాయి గారు చెప్పిన చిక్కు లేదు. చల్లారినా మడత చీలదు, ముందే మడిచి ఉంది. స్వయంగా వడ్డించుకోవడానికి ఇంతకంటే అనువైనది ఏముంది?

శాన్ ఆంటోనియో బాబాయి:
బాబూ, చరిత్ర బాగా చెప్పావు, తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ తడి కూర పడిన పెంకు కాసేపట్లోనే నానుతుంది, మొదటి కొరుకుకే నిలువునా విరుగుతుంది. నిలబడి తినే పెరట్లో అది పళ్లెంలోనే రాలిపోతుంది. కరకరే కావాలంటే బల్లపరుపుగా ఉండే తోస్తాదాలు పెట్టండి. ముందు చిక్కుళ్ల ముద్ద పూస్తే పైన వేసినవి జారవు, పిల్లలకూ సులువు. మెత్తటి టాకోకు మాత్రం వేడి పెనం, దాని వెనుక మనిషి. ఆ మాట మీద నేను కదలను.

గోంగూర హ్యూస్టన్:
అయితే రెండు పెనాలు, ఇద్దరు మనుషులు. మొదట శాకాహారం పెనం వెలిగించండి. పోబ్లానో మిరప చీలికలు క్రీముతో, పుట్టగొడుగులు వెల్లుల్లితో, నల్ల చిక్కుళ్లు విడిగా. మాంసం లేని బల్ల అంటే ఉడికిన చిక్కుళ్లు, లెట్యూస్ ఆకులు పడేయడం కాదు.

ఆస్టిన్ వంకాయ:
నేనింకా హాట్ ప్యాకుల పక్షమే. బల్లను గోడకు ఆనించకుండా మధ్యలో పెట్టి రెండు వైపుల నుంచీ రానిస్తే వరస సగమవుతుంది. సల్సాలు మాత్రం ఆ బల్ల మీద వద్దు. జనం ఆగిపోయేది అక్కడే, ఏది ఎంత కారమో రుచి చూస్తూ. వాటిని దూరంగా వేరే బల్ల మీదికి మార్చండి.

పెసరట్టు ప్లేనో:
అమ్మాయిని అడిగాను. దానికి కావలసింది మెత్తటి మొక్కజొన్న రొట్టెట, చిన్న పిల్లలకు తోస్తాదాలు చాలంది. శాకాహారం బల్ల నీడలో ఆ చివర వేస్తున్నాం. దాని పెనం దగ్గర మా చెల్లెలు, మాంసం పెనం దగ్గర మా వారు. నింపడం వాళ్ల పని, సల్సాల బల్ల నా మాట ప్రకారం అతిథులదే. ఎండ తగ్గేవరకు గిన్నెలు బయటికి రావు. ఇక రొట్టెల లెక్క: జంటగా వేస్తే 360, అందులో పిల్లల వాటా తీసేయాలి. ప్లేనోలో ఈ రొట్టెలు తాజాగా చేసి అమ్మే దుకాణం, తోర్తియేరియా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆ ఉదయమే వెళ్లి తెచ్చుకుంటాం.