పేషెంట్ నమ్మకాల గురించి ఎలా అడగాలో ఎంబీబీఎస్, నర్సింగ్ స్టూడెంట్స్‌కి కలిపి నేర్పాలా?

స్టాఫ్‌నర్స్_బెజవాడ:
ఎంబీబీఎస్‌లో 2019 నుంచి ఏట్‌కామ్ (AETCOM) అని పేషెంట్‌తో ఎలా మాట్లాడాలో, ఎలా మెలగాలో నేర్పే క్లాసులున్నాయి, మాకు నర్సింగ్‌లో స్పిరిచువల్ డిస్ట్రెస్ (నమ్మకాలకి సంబంధించిన వేదన) అని కేర్ ప్లాన్‌లో రాసే డయాగ్నసిస్సే ఉంది, కానీ ఎవరి క్లాసు వాళ్లదే. ఆపరేషన్‌కి ముందు పుస్తెలతాడు తీయమంటే ఏడ్చేవాళ్లని చూస్తూనే ఉంటాం. తీయించమనేది డాక్టరు, తీయించాల్సింది మేము, ఆవిడ భయం వినేవాళ్లు ఎవరూ ఉండరు. లోహం లేకుండా పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకోనిస్తే చాలామంది కుదుటపడతారు. ఆ మాట ఇద్దరికీ ఒకే క్లాసులో చెప్తే పోదా?

హౌస్‌సర్జన్_23:
మేడమ్ మీరన్నది నిజమే కానీ ఓపీలో మనిషికి రెండు నిమిషాలు దొరకడమే గగనం, దేవుడి గురించి అడిగితే ఎవరో వీడియో తీసి మతం మారుస్తున్నారని పెడతారు. పంతులుగారో పాస్టర్‌గారో ఉన్నారు కదా, వాళ్లు చూసుకుంటారు.

పాలియేటివ్_వలంటీర్:
తమ్ముడూ ఇది మతం సంగతి కాదు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల్ని చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ దీన్నే టోటల్ పెయిన్ అంది, అంటే ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి కష్టాలు, "నాకే ఎందుకొచ్చింది, నేనేం పాపం చేశాను" అనే వేదన అన్నీ కలిసిపోయి ఉంటాయని. మార్ఫిన్ డోసు పెంచుతూ పోతే ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. అమెరికాలో డాక్టర్ క్రిస్టీనా పుచాల్‌స్కీ తయారుచేసిన ఫైకా (FICA) అనే ప్రశ్నల పద్ధతిలో అడిగేది నాలుగే: మీకు ధైర్యం ఇచ్చే నమ్మకం ఏంటి, అది మీకు ఎంత ముఖ్యం, మీకు తోడుగా ఎవరున్నారు, వైద్యంలో మేము దాన్ని ఎలా చూసుకోమంటారు. నాస్తికుణ్ణి కూడా అడగొచ్చు, ఆయనకీ "పిల్లలకి భారమైపోయాను" అనే బాధ ఉంటుంది. పంతులుగారిని పిలవాలా వద్దా అనేది కూడా ముందు ఎవరో ఒకరు అడిగితేనే కదా తెలిసేది.

డైటీషియన్_హైద్:
రంజాన్‌లో షుగర్ పేషెంట్లు రోజా ఉంటున్నామని నాకు చెప్తారు, డాక్టర్‌కి చెప్పరు, తిడతారని భయం. ఇన్సులిన్ డోసు మార్చాల్సింది ఆయన, మధ్యాహ్నం షుగర్ పడిపోతే పరిగెత్తేది నర్సు. ముగ్గురికీ కలిపి నేర్పకపోతే ఈ కబురు ఎవరి దగ్గర ఆగిపోతుందో చెప్పండి?

హౌస్‌సర్జన్_23:
రంజాన్ పాయింట్ ఒప్పుకుంటున్నానండి. కానీ సొంత భక్తి పేషెంట్ మీద రుద్దే స్టూడెంట్స్ కూడా ఉంటారు, వాళ్లనేం చేస్తారు?

స్టాఫ్‌నర్స్_బెజవాడ:
అందుకే కలిపి నేర్పమంటున్నా బాబూ. ఒకరు హద్దు దాటితే పక్కనున్న ఇంకో కోర్సు వాళ్లు ఆపుతారు, చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో వదిలేయాలని కూడా ఆ క్లాసులోనే నేర్పాలి. పరీక్ష, మార్కులు వద్దు, వార్డులో నిజం కేసు ముందు పెట్టుకుని మాట్లాడిస్తే సరిపోతుంది.