ఏడుగురి కుటుంబానికి ఏ బండి? వెనక వరుసలో కూర్చునేది ఎవరు?

జయపురం మాస్టారు:
మాది ఆంధ్రా సరిహద్దుకు దగ్గర, ఒడిశాలోని జయపురం. మా ఇంట్లో అమ్మ, నాన్నగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, చెల్లెలు. ఉన్న అయిదు సీట్ల కారు చాలడం లేదు. మొన్న సంక్రాంతికి విజయనగరం వెళ్లడానికి ఏడు సీట్ల బండి అద్దెకు మాట్లాడాను. నాన్నగారు ముందు కూర్చున్నారు, పిల్లలు కిటికీల కోసం మధ్య వరుస పట్టేశారు. అమ్మ ఎవరూ చెప్పకుండానే వెనక వరుసలోకి దూరింది. పొట్టంగి దాటి సుంకి దగ్గర ఘాట్ దిగుతుండగా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. మోకాళ్లు గుండెల దాకా వచ్చి ఉన్నాయి. ఒక చేత్తో ముందు సీటు పట్టుకుని, రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాలూరులో దిగాక నిటారుగా నిలబడడానికి అయిదు నిమిషాలు పట్టింది. అడిగితే ‘నాకేమీ ఫరవాలేదు నాయనా’ అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

సొంతంగా పెద్ద బండి కొనాలని నిశ్చయించుకున్నాను. 13 లక్షలకు మించి పెట్టలేను. ఎర్టిగా, కారెన్స్, ట్రైబర్, బొలెరో చూస్తున్నాను. ఏది తీసుకోమంటారు?

పర్లాకిమిడి వ్యాపారి:
మాస్టారూ, కోపగించుకోకండి. ఏడుగురూ కలిసి బయలుదేరేది ఏడాదికి ఎన్ని రోజులు? అరసవల్లికి ఒకసారి, సింహాచలానికి ఒకసారి, రెండు మూడు పెళ్లిళ్లు, అంతే కదా. పది రోజుల ప్రయాణానికి మిగిలిన మూడు వందల యాభై అయిదు రోజులూ పెద్ద బండిని మేపాలా? చిన్న కారు ఉంచుకోండి, అవసరమైనప్పుడు అద్దెకు మాట్లాడుకోండి. మిగిలిన డబ్బు చెల్లెలి పెళ్లికి పనికొస్తుంది.

సునాబెడ ఇల్లాలు:
అన్నయ్య గారూ, మీ లెక్కలో రాత్రులు లేవు. మా అత్తగారికి రాత్రి పదకొండుకు ఆయాసం ఎక్కువైంది. విశాఖ తీసుకెళ్లమన్నారు. అద్దె బండి కోసం నలుగురికి ఫోను చేస్తే ఇద్దరు ఎత్తలేదు. మూడో అతను తన బండికి ఆంధ్రాలోకి వెళ్లే పర్మిట్ లేదన్నాడు. నాలుగో బండి వచ్చేసరికి ఒంటిగంట అయింది. పసుపు ప్లేటు అద్దె బండికి ఉన్న ఈ పర్మిట్ గొడవ సొంత బండికి ఉండదు. సరిహద్దులో ఉండేవాళ్లకు ఆసుపత్రి అవతల రాష్ట్రంలో ఉంటుంది, పుట్టిల్లు అవతల రాష్ట్రంలో ఉంటుంది. మాస్టారు కొనడమే మంచిది.

గుణుపురం రైతు:
కొంటే బొలెరో కొనండి. డీజిల్ ఇంజను, కింద గట్టి ఛాసిస్, వెనక చక్రాలు తోస్తాయి. మా ఊరి దారిలో వర్షాకాలం చిన్న కార్ల పొట్ట రాయికి తగులుతుంది. నాది పదకొండేళ్ల బండి, ధాన్యం బస్తాలూ మోసింది, పెళ్లికూతురినీ మోసింది.

రాయగడ వర్క్‌షాపు:
ఇరవై ఏళ్లుగా ఈ బండ్ల కిందే పడుకుని పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రైతు గారూ, మీ దారికి మీ బండి సరైనదే. కానీ బొలెరోలో చివరి సీట్లు అడ్డంగా, ఎదురెదురుగా ఉంటాయి. మలుపు తిరిగినప్పుడల్లా మనిషి పక్కకు ఊగుతాడు. ఘాట్‌లో వాంతులు అయ్యేది ముందు అక్కడే. పెద్దావిడ వెనక తలుపు నుంచి ఆ ఎత్తు ఎక్కలేరు.

ట్రైబర్ పొడవు నాలుగు మీటర్ల లోపే. మూడో వరుస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టవచ్చు, అది నిజంగా మంచి ఏర్పాటు. అయితే ఇంజను ఒక లీటరుది, మూడు సిలిండర్లు. ఏడుగురిని ఎక్కించి సాలూరు నుంచి పైకి రావాలంటే గేర్లు దించుతూనే ఉండాలి. మూడు వరుసలూ నిలబెడితే సామానుకు మిగిలేది 84 లీటర్లు, అంటే ఒక సంచి.

ఎర్టిగాలో అదే చోటు 209 లీటర్లు. దీనికి 2020 నుంచి డీజిల్ లేదు, పెట్రోలు లేదా సి.ఎన్.జి. మాత్రమే. సి.ఎన్.జి. తీసుకుంటే సిలిండర్ వెనక వరుస వెనకాలే ఉంటుంది, ఇక సామాను పైన క్యారియర్ మీదికే. గ్యాసు మీద ఇంజను శక్తి కూడా తగ్గుతుంది, ఎక్కుడులో మీకే తెలుస్తుంది. మీరు తిరిగే దారిలో గ్యాసు బంకు ఎక్కడుందో చూసుకోకుండా ఆ మాట ఎత్తకండి.

కారెన్స్‌లో డీజిల్ ఉంది, 2022లో వచ్చినప్పటి నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాల్లోనూ ఇస్తున్నారు. మీ బడ్జెట్‌కు పై రకాలు అందవు. ఇన్నోవా క్రిస్టా కొత్తది రోడ్డు మీదికి వచ్చేసరికి 20 లక్షలకు పైమాటే, దాని జోలికి పోనక్కర్లేదు.

మీ అమ్మగారి మోకాళ్ల సంగతి. చాలా బండ్లలో వెనక వరుస కింద నేల ఎత్తుగా ఉంటుంది, సీటేమో నేలకు దగ్గరగా ఉంటుంది. అందుకే మోకాళ్లు పైకి వస్తాయి. ఏ కంపెనీదైనా ఆ సీటు పిల్లలకు, పొట్టివాళ్లకు. తల దిండు పైకి లాగి, బెల్టు పెట్టే కూర్చోవాలి.

పర్లాకిమిడి వ్యాపారి:
సునాబెడ చెల్లెమ్మ చెప్పిన రాత్రి సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అలాగైతే విశాఖలో కొనండి, రంగులు, రకాలు అక్కడ ఎక్కువ.

రాయగడ వర్క్‌షాపు:
కొనవచ్చు, కానీ అక్కడ తాత్కాలిక నంబరు మాత్రమే తీసుకుని, ఒడిశా పన్ను కట్టి కొరాపుట్‌లోనే ఓడీ 10 నంబరు వేయించండి. చుట్టాల చిరునామా మీద ఆంధ్రా నంబరు వేయిస్తే 12 నెలలు దాటాక ఇక్కడికి మార్చుకోక తప్పదు. అప్పుడు ఎన్.వో.సి., అంటే అభ్యంతరం లేదని అక్కడి ఆఫీసు ఇచ్చే కాగితం కోసం తిరగాలి, పన్ను మళ్లీ కట్టాలి, అక్కడ కట్టినది వెనక్కి రాబట్టుకోవడం వేరే యాతన.

జయపురం మాస్టారు:
అందరికీ నమస్కారం. నిన్న అమ్మను షోరూముకు తీసుకెళ్లాను. ధరలు అడగకుండా ముందు అన్ని వరుసల్లోనూ కూర్చోబెట్టాను. కారెన్స్ మధ్య వరుసలో కాళ్లు చాపుకుని పది నిమిషాలు కూర్చుంది. వెనక వరుసలోకి నేనే దూరాను. నా ఎత్తుకు తల పైకప్పుకు తగిలింది, అరగంట మించి కూర్చోలేను. అమ్మ రెండు గంటలు ఎలా కూర్చుందో ఇప్పుడు తెలిసింది.

ఇకనుంచి మధ్య వరుసలో ఎడమ కిటికీ అమ్మది. పిల్లలు ఎంత ఏడ్చినా వెనకే. ఆదివారం ఎర్టిగా పెట్రోలు, కారెన్స్ రెండూ కొరాపుట్ ఘాట్ వరకు నడిపి చూస్తామంటే షోరూము వారు ఒప్పుకున్నారు. నిండుగా ఎక్కి వెళ్తున్నాం. షోరూము అబ్బాయికి చోటు కావాలి కాబట్టి మా చెల్లెలు ఇంటి దగ్గర ఉంటానంది. రాయగడ తమ్ముడూ, ఎక్కుడులో ఏయే శబ్దాలు వినాలో శనివారం లోపు రాసి పెట్టు.