ఎనమ్ అంటే పేర్లు తగిలించిన స్ట్రక్టేనా?

కోడ్‌కాపరి:
మా టీమ్‌లో రెండ్రోజులుగా ఇదే గొడవ. సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలో ఎనమ్, స్ట్రక్ట్ (కొన్ని విలువల్ని ఒకచోట కట్టిన టైపు) రెండూ వాల్యూ టైపులే (వేరియబుల్‌లో విలువే నేరుగా ఉండేవి) కదా, రెండూ ఒకటే అంటాడు మా సీనియర్. అసలు పోలికే లేదంటాను నేను. ఎనమ్ అంటే అంకెకి పెట్టిన పేరు, అంతే. దానికి సొంత మెథడ్ ఉండదు, కన్‌స్ట్రక్టర్ (విలువని తయారుచేసే కోడ్) ఉండదు, మనం రాసిన ఇంటర్‌ఫేస్‌ని (ఫలానా మెథడ్లు ఉంటాయనే ఒప్పందం) తగిలించలేం. స్ట్రక్ట్‌కి ఇవన్నీ కుదురుతాయి. మీరేమంటారు?

పాతబైట్:
పోలికే లేదనడం మరీ ఎక్కువండీ. కంపైల్ అయ్యాక ఐఎల్ (కంపైలర్ తయారుచేసే మధ్యస్థ కోడ్) తెరిచి చూడండి. ఎనమ్ లోపల ఉండేది ఒకే ఒక్క ఇన్‌స్టన్స్ ఫీల్డ్, అంటే అంకెని దాచే గది. మీరు రాసిన పేర్లన్నీ కాన్‌స్టంట్లు (మారని విలువలు). ఏమీ చెప్పకపోతే ఆ ఫీల్డ్ ఇంట్ అవుతుంది. బైట్ నుంచి లాంగ్ దాకా వేరే పూర్ణాంక టైపు కూడా పెట్టుకోవచ్చు. తేడా అంతా వంశంలో ఉంది. స్ట్రక్ట్ నేరుగా సిస్టమ్.వాల్యూటైప్ నుంచి వస్తే, ఎనమ్ మధ్యలో సిస్టమ్.ఎనమ్ మీదుగా వస్తుంది. తమాషా ఏంటంటే ఆ సిస్టమ్.ఎనమ్ మాత్రం రిఫరెన్స్ టైపు (వేరియబుల్‌లో విలువ కాక దాని చిరునామా ఉండేది)! ఆ టైపు వేరియబుల్‌లో ఎనమ్ విలువ పెడితే బాక్సింగే, అంటే విలువని ఒక ఆబ్జెక్ట్‌లో చుట్టిపెట్టడం.

కోడ్‌కాపరి:
వంశవృక్షం బాగానే ఉంది గానీ, రోజూ రాసే కోడ్‌కి దానివల్ల ఒరిగేదేంటి?

సెమికోలన్:
రోజూ రాసే కోడ్ సంగతే చెప్తాను. మా ఆర్డర్ స్టేటస్ ఎనమ్‌లో పెండింగ్, షిప్డ్, డెలివర్డ్ ఉండేవి. అంకెలు రాయలేదు కాబట్టి 0, 1, 2. ఒకరు పెండింగ్ తర్వాత ప్యాక్డ్ దూర్చారు. డెలివర్డ్ కాస్తా 3 అయింది. డేటాబేస్‌లో ఉన్న పాత 2లన్నీ షిప్డ్ అయిపోయాయి. అంటే సరుకు చేతికందిన ఆర్డర్లన్నీ మళ్లీ దారిలో ఉన్నట్టు! ఆ టెన్షన్ నాకే తెలుసు. అంకెలు రాసుకోకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ 42ని స్టేటస్‌గా క్యాస్ట్ చేసినా (ఆ టైపులోకి మార్చినా) ఎనమ్ కిక్కురుమనదు. స్ట్రక్ట్ అయితే కన్‌స్ట్రక్టర్‌లోనే ఆపేవాణ్ణి.

పాతబైట్:
ఆపేవారు కాదు. ఆ స్ట్రక్ట్‌తో పది గదుల అర్రే తీసుకోండి. పదీ సున్నాలతో నిండి వస్తాయి, మీ కన్‌స్ట్రక్టర్‌ని ఎవరూ పిలవరు. సీ షార్ప్ 10లో పారామీటర్లు లేని కన్‌స్ట్రక్టర్ రాసుకోనిచ్చారు, అయినా అర్రే దాన్ని పట్టించుకోదు. కాబట్టి ఎనమ్ అయినా స్ట్రక్ట్ అయినా సున్నాకి ఒక అర్థం ఇవ్వక తప్పదు. పైగా స్ట్రక్ట్ విలువని స్విచ్‌లో (విలువని బట్టి దారి ఎంచే కోడ్) కేస్ లేబుల్‌గా పెట్టలేరు, అక్కడ కాన్‌స్టంటే కావాలి.

సీ షార్ప్ నడిచే డాట్‌నెట్‌లోనే రంగుల్ని చూడండి. కన్సోల్‌కి (అక్షరాలు మాత్రమే చూపే తెర) 16 రంగులే, అందుకే కన్సోల్‌కలర్ ఎనమ్. డ్రాయింగ్‌లో కలర్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఆల్ఫా (పారదర్శకత) అన్నీ మోయాలి, అందుకే అది స్ట్రక్ట్. స్టేటస్ లాంటి నాలుగు పేర్ల పనికి నేనైతే స్ట్రక్ట్ జోలికి పోను.

సెమికోలన్:
అర్రే సంగతి నిజమే, నాకు తట్టలేదు. అయినా బయటి నుంచి వచ్చే అంకెని ఎక్కడో ఒకచోట తనిఖీ చేయాలి కదా. ఆ చోటు టైపులోనే ఉంటే మేలని ఇప్పటికీ అంటాను.

కోడ్‌కాపరి:
42 ఇప్పుడే రాసి చూశాను. కంపైల్ అయింది. ప్రింట్ చేస్తే 42 అనే వచ్చింది. మా స్విచ్‌లో డీఫాల్ట్ లేదు, ఏ కేస్‌లోకీ వెళ్లకుండా చల్లగా దాటిపోయింది. మా సీనియర్‌తో వాదన తర్వాత చూద్దాం, ముందు ఇలాంటి స్విచ్‌లు ఇంకెన్ని ఉన్నాయో వెతకాలి.