12 ఏళ్ళ అమ్మాయి, 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈత: ఈ దారిలో నడిచినవాళ్ళు మీ అనుభవం చెప్పండి

హన్మకొండ_నాన్న:
మా అమ్మాయికి మొన్న 12 నిండాయి, ఏడో తరగతి. ఆరేళ్ళప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఊరికే ఈత నేర్పిద్దామని తీసుకెళ్ళాను, ఇక నీళ్ళలోంచి బయటికి రాలేదు. ఈ ఏడాది రాష్ట్ర పోటీల్లో సబ్ జూనియర్ బటర్‌ఫ్లైలో (రెండు చేతులూ ఒకేసారి ముందుకి వేసే ఈత) మెడల్ వచ్చింది. కోచ్ గారేమో "ఇక్కడ ఉంచితే ఇంతే, బెంగళూరు పంపండి" అంటున్నారు. రోమ్‌లో మన దేశపు ఈతగాడు సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదిన రేసు వీడియో తనకి ఒకసారి చూపించాను. మర్నాడు చూస్తే బీరువా తలుపు మీద స్కెచ్ పెన్నుతో ఆ రేసులో ఆయన టైం, 1:56.38 అని రాసి ఉంది. వాళ్ళమ్మ తుడిచేస్తానంటే నేనే వద్దన్నాను. పంపాలా వద్దా అన్న సలహా కంటే, ఈ ఆటలో ఉన్నవాళ్ళ బతుకు రోజూ ఎలా ఉంటుందో, మీకు ఏం జరిగిందో చెప్తే నాకు ఎక్కువ ఉపయోగం.

బెజవాడ_ఈతగత్తె:
అన్నయ్యా, నేను గాంధీనగర్ సర్ విజ్జీ పూల్‌లో ఈత నేర్చుకున్నదాన్ని. జాతీయ పోటీల దాకా వెళ్ళాను, 19 ఏళ్ళకి మానేశాను. రోజు ఎలా ఉంటుందని అడిగారు కదా. నాలుగుంబావుకి అలారం. అమ్మ చీకట్లోనే లేచి పాలు కాచి, నానబెట్టిన బాదం పప్పులు చేతిలో పెట్టేది, నాన్న స్కూటర్ మీద దింపేవారు. డిసెంబరులో ఆ నీళ్ళలోకి దూకేముందు అంచు మీద నిలబడే ఆ ఒక్క నిమిషం నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రెండు గంటలు ఈత, అక్కడే యూనిఫాం వేసుకుని తడి జడతోనే స్కూలు, మధ్యాహ్నం క్లాసులో నిద్ర ఆపుకోవడం, సాయంత్రం మళ్ళీ రెండు గంటలు. క్లోరిన్‌కి జుట్టు పీచులా అయిపోయేది, అమ్మ ఎంత కొబ్బరినూనె రాసినా దారికి వచ్చేది కాదు. పెళ్ళిళ్ళకీ పండగలకీ వెళ్ళిన గుర్తు పెద్దగా లేదు.

మానేయడానికి కారణం భుజం. ఇంటర్ రెండో ఏడాదిలో కుడి భుజం పట్టేసింది. నొప్పి అని చెప్తే రెస్ట్ ఇచ్చేస్తారని, సెలెక్షన్స్ పోతాయని దాచాను. మూడు నెలలకి నా జడ నేను వేసుకోలేని పరిస్థితి వచ్చింది, చెయ్యి వెనక్కి వెళ్ళేది కాదు. మీ అమ్మాయికి ఒక్క మాట చెప్పండి, నొప్పి వస్తే ఆ రోజే చెప్పమనండి, చెప్పినందుకు ఎవరూ కోప్పడరని నమ్మకం కలిగించండి. నాకు ఆ నమ్మకం ఇంట్లో ఉంది, పూల్ దగ్గర లేదు.

ఇంకో సంగతి. మా ఊరి వెన్నం జ్యోతి సురేఖ నాలుగేళ్ళ వయసులో కృష్ణ ఈదిన పిల్ల, తర్వాత విల్లు పట్టుకుంది, 2023 హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఈత నేర్పింది ఏదీ వృథా పోదు అన్నయ్యా, వేరే ఆటకి వెళ్ళినా ఆ ఊపిరి ఒంట్లో ఉంటుంది.

చెన్నై_సూరి:
సజన్ గురించి రాశారు కాబట్టి ఆగలేకపోతున్నాను. 2015 కేరళ నేషనల్ గేమ్స్‌లో ఆరు బంగారాలు, మూడు వెండి గెలిచినప్పటి నుంచి ఆయన్ని వదలకుండా ఫాలో అవుతున్నాను. ఆ 1:56.38 వెనక ఎన్నేళ్ళున్నాయో మీ పాపకి కూడా చెప్పాలి.

పుట్టింది కేరళ ఇడుక్కిలో, పెరిగింది మా తమిళనాడు నైవేలిలో. తల్లి శాంతిమోల్ గారు ఒకప్పుడు పరుగు పందేల క్రీడాకారిణి, నైవేలిలో ఉద్యోగం చేస్తూ ఒంటి చేత్తో పెంచారు. తర్వాత బెంగళూరులో కోచ్ ప్రదీప్ కుమార్ దగ్గర ఈదాడు. 2016లో రియోకి వెళ్ళాడు కానీ అది కోటాలో. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్ సమయానికి కేరళలో వరదలు, ఇడుక్కిలో వాళ్ళ బంధువులు ఆ నీళ్ళలో చిక్కుకున్నారు. ఆ టెన్షన్‌లో ఫైనల్ ఈది 1:57.75తో జాతీయ రికార్డు పెట్టి అయిదో స్థానంలో వచ్చాడు. అక్కడ ఊళ్ళు నీట మునుగుతుంటే ఇక్కడ నీళ్ళలో పోటీ పడటం, తలుచుకుంటేనే గుండె పట్టేస్తుంది.

2020లో ట్రైనింగ్ కోసం థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో ఉండగా లాక్‌డౌన్ పడింది. పూల్స్ మూత. ఆపైన మెడలో డిస్క్ సమస్య, నొప్పి చేతి దాకా పాకేది. బటర్‌ఫ్లై ఈదేవాడికి మెడ పోతే ఇక ఏముంది చెప్పండి. అక్కడి నుంచి దుబాయ్‌లో ఉన్న పాత కోచ్ దగ్గరికే చేరి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 2021 జూన్‌లో బెల్‌గ్రేడ్‌లో 1:56.96, వారం తిరక్కుండా రోమ్‌లో సెట్టె కొల్లి పోటీలో 1:56.38. ఒలింపిక్స్ 'ఏ' టైం 1:56.48. అంటే సెకనులో పదో వంతు తేడాతో, ఆ టైం అందుకున్న మొదటి భారతీయుడు అయ్యాడు. అప్పటికి ఆయనకి 27 ఏళ్ళు. మీ పాపకి ఇంకా 12. ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

కొత్త_సభ్యురాలు:
ఈ 'ఏ' టైం, కోటా అంటే ఏంటండీ? మా బాబు ఇప్పుడే మొదలుపెట్టాడు, నాకు ఏమీ తెలియదు.

విశాఖ_కోచ్:
చెప్తానమ్మా. ప్రతి ఈవెంటుకీ రెండు టైములు ఉంటాయి. గుర్తింపు ఉన్న పోటీలో 'ఏ' టైం ఈదితే నేరుగా ఒలింపిక్స్‌కి వెళ్ళినట్టే. 'బి' టైం ఈదితే పిలుపు రావచ్చు, రాకపోవచ్చు, ఖాళీలను బట్టి. ఎవరూ నేరుగా అర్హత పొందని దేశాలకి ఒక అబ్బాయి, ఒక అమ్మాయిని పంపే అవకాశం ఇస్తారు, దాన్నే యూనివర్సాలిటీ కోటా అంటారు. టోక్యోకి సజన్ తర్వాత శ్రీహరి నటరాజ్ 100 బ్యాక్‌స్ట్రోక్‌లో 53.77 ఈది 53.85 కటాఫ్ దాటాడు. 2024 పారిస్‌కి శ్రీహరి, 14 ఏళ్ళ ధీనిధి దేసింఘు ఇద్దరూ కోటాలోనే వెళ్ళారు. కోటా అంటే చిన్నచూపు చూడకండి, పధ్నాలుగేళ్ళకి ఒలింపిక్స్ లేన్‌లో నిలబడటం మాటలు కాదు.

హన్మకొండ నాన్న గారూ, మీకు నిజం చెప్పాలి. టోక్యో హీట్స్‌లో, అంటే తొలి రౌండులో, సజన్ టైం 1:57.22, సెమీస్‌కి చేరలేదు. ఆ ఈవెంటులో బంగారం 1:51.25కి వెళ్ళింది. మన దేశంలో అప్పటికి ఈ రేసు సజన్ అంత వేగంగా ఎవరూ ఈదకపోయినా, ఆ పోటీలో ఆయనకీ బంగారానికీ మధ్య దాదాపు ఆరు సెకన్ల దూరం ఉంది. దీన్ని చూసి నిరాశపడేవాళ్ళు ఈ ఆటలో ఉండలేరు. నేను పిల్లలకి చెప్పేది ఎప్పుడూ వాళ్ళ సొంత పాత టైం గురించే.

200 బటర్‌ఫ్లై గురించి ఒకటి. మొదటి 100 అందరూ అందంగానే ఈదుతారు. 150 దగ్గర గోడ తిరిగాక చేతులు నీళ్ళలోంచి లేవవు, తల పైకి లేచిపోతుంది, నడుము కిందికి జారుతుంది. అప్పుడు 12 ఏళ్ళ పిల్లని ఇంకా ఇంకా అని అరిచి ఈదిస్తే అలవాటయ్యేది ఆ తప్పు స్ట్రోకే, ముందు పాడయ్యేది భుజం. ఈ వయసులో 25, 50 మీటర్ల ముక్కలుగా, స్ట్రోక్ చెదరగానే ఆపించాలి. ఆ బెంగళూరు కోచ్ ఎలా చేయిస్తారో చేర్పించే ముందు ఒక రోజు పూల్ ఒడ్డున కూర్చుని చూడండి. మీకు ఈత రాకపోయినా తెలుస్తుంది.

ఉద్యోగం గురించి కూడా అడుగుతారు తల్లిదండ్రులు. వీర్‌ధవల్ ఖాడే 16 ఏళ్ళకే బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, 2010 గ్వాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 50 బటర్‌ఫ్లై కాంస్యం. అది 1986లో ఖజాన్ సింగ్ వెండి తర్వాత ఈతలో మనకి వచ్చిన మొదటి ఏషియన్ గేమ్స్ పతకం. తర్వాత మహారాష్ట్రలో తహసీల్దారు అయ్యాడు. పగలంతా ఆఫీసు, పూల్‌కి టైమే లేదు. ఏళ్ళ తర్వాత మళ్ళీ దిగి 2018 జకార్తాలో 50 ఫ్రీస్టైల్ ఫైనల్‌కి వచ్చాడు. 22.47. మూడో స్థానం 22.46. సెకనులో వందో వంతు. ఆ రాత్రి నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను.

డాలస్_రమణ:
ఇక్కడి సంగతి చెప్తాను. మా వాడికి 14. క్లబ్‌లో ఈదుతాడు, వారానికి ఏడు సెషన్లు. ఇక్కడ మంచి విషయం ఏంటంటే పిల్లకి తన మెట్టు ఎక్కడో కాగితం మీద స్పష్టంగా ఉంటుంది, వయసును బట్టి బి, డబుల్ బి, ఏ, డబుల్ ఏ అంటూ టైముల పట్టిక. దాంతో పక్క పిల్లతో పోల్చుకోవడం కొంచెం తగ్గుతుంది. మీట్ రోజు పొద్దున పిల్లలందరూ చేతి మీద నల్ల మార్కర్‌తో గళ్ళు గీసుకుని ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు రాసుకుంటారు. ఆదివారం రాత్రి అన్నం తినేటప్పుడు కూడా మా వాడి చేతి మీద అవి చెరగకుండా ఉంటాయి. తల్లిదండ్రులం స్టాప్‌వాచ్‌లు పట్టుకుని లేన్ చివర నిలబడాలి, అది మా డ్యూటీ. నా కొడుకు హీట్‌లో నేను వేరే పిల్లాడి లేన్‌కి టైం చూస్తున్న రోజులున్నాయి, కన్ను తిప్పడానికి లేదు.

కానీ ఇక్కడ ఎక్కువగా 25 గజాల పూల్‌లో పోటీలు, అక్కడి 50 మీటర్ల టైముతో పోల్చి మురిసిపోకూడదు, మొదట్లో నేను ఆ పొరపాటు చేశాను.

పిల్లల్ని దూరం పంపడం గురించి అడిగారు కదా, సింగపూర్ ఈతగాడు జోసెఫ్ స్కూలింగ్ ఉన్నాడు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, చిన్నతనంలోనే అమెరికా పంపారు, తర్వాత మా టెక్సాస్ యూనివర్సిటీలోనే ఈదాడు. 13 ఏళ్ళప్పుడు అమెరికా ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్‌తో ఫొటో దిగాడు, 2016 రియోలో అదే ఫెల్ప్స్‌ని వెనక్కి నెట్టి 100 బటర్‌ఫ్లై 50.39కి గెలిచాడు, సింగపూర్‌కి మొట్టమొదటి ఒలింపిక్ బంగారం. అయితే అలా పంపిన ఇళ్ళు ఎన్నో, పేరు వినబడింది ఎన్నింటిదో మనకి తెలియదు.

పేరు_వద్దు:
నేను ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. మా అబ్బాయిని 13 ఏళ్ళకి వేరే ఊళ్ళో ఒక అకాడమీలో హాస్టల్‌లో వేశాం. రెండేళ్ళు టైములు బాగా తగ్గాయి, అందరం సంతోషపడ్డాం. మూడో ఏడాది ఎనిమిది నెలలు ఒక్క పాయింటు తగ్గలేదు. ఎదిగే వయసు, ఒళ్ళు మారుతోంది, అలాంటప్పుడు అలాగే ఉంటుందని ఎవరూ వాడికి చెప్పలేదు. నేను రోజూ రాత్రి ఫోన్ చేసి మొదట అడిగే మాట "ఇవాళ టైం ఎంత?". తిన్నావా అని రెండో మాట. ఒక రోజు వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. వెళ్ళి తీసుకొచ్చేశాం. నెల రోజులు గదిలోంచి బయటికి రాలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

మైఖేల్ ఫెల్ప్స్‌కి ఒలింపిక్స్‌లో 23 బంగారాలు, మొత్తం 28 పతకాలు. బీజింగ్‌లో 200 బటర్‌ఫ్లై రేసులో గాగుల్స్ నిండా నీళ్ళు వచ్చేసి ఏమీ కనబడకపోతే స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది ప్రపంచ రికార్డు పెట్టాడని మా వాడికి నేనే వందసార్లు చెప్పాను. అదే మనిషి 2012 లండన్ తర్వాత రోజుల తరబడి గది దాటకుండా, తిండి లేక, బతకాలనిపించక గడిపానని తనే బయటికి చెప్పాడు. ఈ రెండోది మా వాడికి నేనెప్పుడూ చెప్పలేదు, అప్పటికి నాకూ తెలియదు. డాక్టరు చెప్పారు. ఆ రోజు మా వాడు మొదటిసారి తలెత్తి "ఆయనకి కూడానా?" అన్నాడు.

ఇప్పుడు బాగున్నాడు. డిగ్రీ చదువుతున్నాడు, ఆదివారాలు కాలనీ పిల్లలకి ఈత నేర్పుతున్నాడు. మీ పాపని పంపొద్దని చెప్పట్లేదు సార్. పంపితే ఫోన్లో మొదటి మాట టైం గురించి కాకుండా చూసుకోండి.

బెజవాడ_ఈతగత్తె:
పేరు వద్దన్నవారికి, మీరు రాసినందుకు చాలా థాంక్స్ అండీ. మా అమ్మ కూడా నా టైం ఎప్పుడూ అడగలేదు, ఇన్నాళ్ళూ ఆవిడకి ఆట మీద ఆసక్తి లేదనుకున్నాను.

విశాఖ_కోచ్:
నిజమే. పిల్లలు ఎదిగేటప్పుడు టైములు ఆగిపోతాయి, అమ్మాయిలకి 13, 14 మధ్య ఎక్కువ. ఆ ఏడాది ముందే చెప్పి ఉంచితే సగం భయం పోతుంది. నేను కూడా మా పూల్ పిల్లల తల్లిదండ్రులకి ఈ నెల మీటింగ్‌లో చెప్తాను, ఇన్నాళ్ళూ అడిగినప్పుడే చెప్పేవాణ్ణి.

హన్మకొండ_నాన్న:
అందరికీ దండం. మూడు రోజులుగా ఇవన్నీ చదువుతున్నాను, నిన్న రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను, పేరు వద్దన్న సార్ రాసింది చదివేటప్పుడు ఆపేయాల్సి వచ్చింది. అమ్మాయిని కూర్చోబెట్టి భుజం ఎప్పుడైనా నొప్పి పెడుతోందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఎడమ వైపు, నెల నుంచి అంది. రాష్ట్ర పోటీల ముందు నుంచి అన్నమాట. ఎందుకు చెప్పలేదంటే "మెడల్ పోతుందని" అంది. రేపు ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపిస్తున్నాం, కోచ్ గారికి కూడా ఫోన్ చేసి చెప్పాను, ఆయన ఏమీ అనలేదు, పదిహేను రోజులు కిక్‌బోర్డుతో కాళ్ళు మాత్రమే చేయిస్తానన్నారు. బెంగళూరు మాట సంక్రాంతి తర్వాత చూస్తాం, వెళ్ళినా మొదట నేనూ వెళ్ళి ఒక రోజు ఒడ్డున కూర్చుంటాను.

బీరువా మీద అంకె అలాగే ఉంది. దాని కింద తన సొంత టైం ఇవాళ పొద్దున పెన్సిల్‌తో రాసుకుంది. పెన్సిల్ ఎందుకమ్మా అంటే, మారుతుంది కదా నాన్నా అంది.