బాత్ వేడినీళ్ళలో మందుందా, నమ్మకమేనా?

బ్రిస్టల్‌వాసి:
ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్ళో భూమిలోంచి సుమారు 46 డిగ్రీల వేడినీళ్ళు ఉబికి వస్తాయి, రోజుకు పది లక్షల లీటర్లకు పైనే. రోమన్లు అక్కడ సులిస్ మినర్వా దేవతకు గుడి కట్టారు. 18వ శతాబ్దంలో చేతులు పడిపోయిన రోగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. చాలామందికి గుణం కనిపించిందని అక్కడి ఆసుపత్రి రికార్డులు చెబుతున్నాయి. ఇది ఉత్త నమ్మకమేనంటారా? నాకైతే కొట్టిపారేయబుద్ధి కావడం లేదు.

లెక్కలమాస్టారు:
కొట్టిపారేయాల్సిందేనండీ. బ్లాడుడ్ అనే రాజకుమారుడికి కుష్ఠు వచ్చిందట. పందులు ఆ వేడి బురదలో పొర్లి బాగుపడటం చూసి తనూ దిగితే నయమైందట. ఇలాంటి స్థలపురాణం ప్రతి గుండానికీ ఉంటుంది. స్మాలెట్ అనే వైద్యుడు 1752లోనే మామూలు నీళ్ళూ అంతే పనిచేస్తాయని వాదించాడు. పైగా రోమన్ల కాలంలో దేవతకు మొర రాసి ఆ ఊటలో వేసిన లోహపు రేకులు, శాపపు రేకులంటారు, 130 దాకా దొరికాయి, అవి చూడండి. తన బట్టలో, సొమ్మో ఎత్తుకుపోయినవాణ్ణి శిక్షించమన్న మొరలే దాదాపు అన్నీ. రోగం తగ్గించమని అడిగిన భక్తుడేడీ?

పాతకాగితాలు:
మాస్టారూ, రేకుల మాట నిజమే. కానీ రోమన్ల మొరలతో 18వ శతాబ్దపు ఆసుపత్రిని కొలవలేం. 1738లో స్థాపించి 1742లో తెరిచారు, బీదవాళ్ళ కోసం. బాత్ ఊరివాళ్ళను మాత్రం చేర్చుకునేవారు కాదు, నీళ్ళు వాళ్ళ గుమ్మం ముందే ఉన్నాయి కదా అని. బయటివాళ్ళు ముందే కొంత డిపాజిట్ కట్టాలి. నయమైతే దారిఖర్చుకు, చనిపోతే ఖననానికి. ఎవరు ఏ స్థితిలో వచ్చారో, ఏ స్థితిలో వెళ్ళారో రాసిపెట్టేవారు.

ఆ రోగులెవరో చూడండి. చాలామంది రంగులు వేసేవాళ్ళు, సీసం పనివాళ్ళు. సీసం ఒంట్లో చేరితే మణికట్టు వేలాడిపోతుంది, చెయ్యి ఎత్తలేరు. డెవన్ ప్రాంతంలో ఆపిల్ సారా తాగేవాళ్ళకూ ఇదే జబ్బు. దానికి కారణం సారాలో కలిసిన సీసమేనని జార్జ్ బేకర్ అనే వైద్యుడు 1767లో తేల్చాడు. ఇలాంటి రోగుల్లో నయమైనవాళ్ళనూ మెరుగైనవాళ్ళనూ కలిపితే చాలా పెద్ద భాగం. దీన్ని పందుల కథతో కలిపేయకండి.

ఫిజియో_గుంటూరు:
దీనికి కారణం కూడా దొరికింది. గోరువెచ్చటి నీళ్ళలో మెడదాకా గంటలకొద్దీ కూర్చుంటే నీటి ఒత్తిడికి కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు మూత్రం బాగా వదులుతాయి. దాంతోపాటు సీసమూ పోతుంది. 1980లలో సీసం పనివాళ్ళను ఇలా నీళ్ళలో కూర్చోబెట్టి చూస్తే మూత్రంలో సీసం పెరిగింది.

లెక్కలమాస్టారు:
అయితే కుళాయి నీళ్ళు కాచుకున్నా సరిపోతుంది! పైగా ఆసుపత్రిలో నెలలు ఉన్నారంటే సీసం పనీ మానేశారు, ఆ సారా కూడా మానేశారు, వేళకు తిండి తిన్నారు. సగం వైద్యం అదే.

ఫిజియో_గుంటూరు:
ఒప్పుకుంటానండీ, ఖనిజాల మహిమ అని నేనూ అనను. కానీ 1750లో ఓ రంగులు వేసే కూలీకి మెడదాకా వేడినీళ్ళు ఎవరు కాచిపోస్తారు? ఎన్ని కట్టెలు కావాలి? భూమి ఉచితంగా, ఎడతెగకుండా కాచి ఇచ్చింది. బాత్ గొప్పతనం అక్కడుంది. దాన్ని నమ్మకం అని తీసిపారేస్తే ఆ రోగులకు అన్యాయం చేసినట్టే.

బ్రిస్టల్‌వాసి:
ఈ మాటతో నాకు పూర్తి ఏకీభావం.

భద్రాచలం_కోడలు:
మా దగ్గర గుండాల అనే ఊళ్ళో గోదావరి ఒడ్డున కూడా వేడినీళ్ళు వస్తాయి. చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు అక్కడ స్నానం చేస్తారని నమ్మకం. మా అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పులకు వెళ్దామంటున్నారు. షుగర్ కూడా ఉంది. తీసుకెళ్ళమంటారా?

ఫిజియో_గుంటూరు:
తీసుకెళ్ళండమ్మా, వేడికి బిగుసుకున్న కీళ్ళు కాస్త వదులవుతాయి. షుగర్ ఉన్నవాళ్ళకు పాదాల స్పర్శ తగ్గి వేడి తెలియక కాలవచ్చు, అందుకే ముందు మీరు చెయ్యిపెట్టి చూడండి. పుండ్లుంటే దిగొద్దు. తల ముంచి మునకలు వేయనివ్వకండి. బాత్ నీళ్ళలో ఈదిన ఒక అమ్మాయి ముక్కులోంచి మెదడుకు చేరిన అమీబా వల్ల చనిపోతే 1978లో స్నానాలు ఆపేశారు. కొత్తగా బోరు వేసి, శుభ్రమైన నీళ్ళతో 2006లో మళ్ళీ తెరిచారు. ఆవిడ వేసుకునే షుగర్ మాత్రలు మాత్రం ఆపొద్దు.