స్టీరింగ్ వణుకుతాంది: మేస్త్రీని నమ్మాల్నా, కంపెనీ వర్క్‌షాప్‌కు పోవాల్నా?

నయీంనగర్_సార్ | శుక్రవారం, రాత్రి 9:10
అందరికీ నమస్తే. బండి 2017 మోడల్, డీజిల్, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజుల సంది ఒకటే పరేషాన్. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోతుంటే స్టేషన్ ఘన్‌పూర్ దాటి 80 అందుకోంగనే స్టీరింగ్ వణుకుడు షురూ. 90 దగ్గరయితే రెండు చేతులు గట్టిగ పట్టుకోవాల్సిందే. 105 దాటితే మల్ల తగ్గుతది. 70 లోపల ఏం లేదు. కోమళ్ల టోల్ కాడ బ్రేక్ తొక్కితే కాలి కింద కూడ జర దడదడ అంటది.

ఇప్పటిదాక పెట్టిన ఖర్చు: ఒక షాపుల అలైన్‌మెంట్ (చక్రాల వాలు సరిచేసుడు), బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేసుడు) 1,200. ఇంకో మేస్త్రీ లోయర్ ఆర్మ్‌లు (ముందు చక్రాలను కింద పట్టి ఉంచేటియి) రెండూ మార్చిండు, 6,800. మూడో ఆయన చూసి నాలుగు టైర్లు తీసి పడేయమంటాండు. టైర్ల మీద గాడి ఇంకా మంచిగనే ఉన్నది. ఇగ మేస్త్రీలను నమ్మాల్నా, కంపెనీ వర్క్‌షాప్‌కు పోవాల్నా? తెలిసినోళ్లు చెప్పున్రి.

స్టీరింగ్_29_ఏండ్లు | రాత్రి 9:26
సారూ, వణుకు చేతులకు తెలుస్తాందా, కూసున్న కాడ తెలుస్తాందా, గది ముందు చూడాలె. చేతులకైతే ముందు చక్రాలు, సీటుకైతే వెనుక చక్రాలు. బస్సయినా కారయినా గంతే. మీది చేతులకే అంటాన్రు కాబట్టి ముందు రెండు చక్రాలు వెనక్కి, వెనుకయి ముందుకు మార్చున్రి. అదే రోడ్డు మీద, అదే స్పీడ్‌ల మల్ల పోయి చూడున్రి. వణుకు సీటు కిందికి పోయిందా, టైరుదో రిమ్‌దో దోషం. పోలేదా, బ్రేక్ డిస్క్, హబ్ (చక్రం బిగించే భాగం), బేరింగ్ దిక్కు చూడాలె. జాకీ, పాన ఉంటే చాలు, రూపాయి ఖర్చు లేదు.

అలైన్‌మెంట్‌కూ వణుకుకూ సంబంధం లేదు. అది తప్పితే బండి ఒక పక్కకు గుంజుతది, టైరు ఒక అంచున అరుగుతది. గంతే.

పరకాల_పొలంగట్టు | రాత్రి 9:31
రిమ్ లోపలి దిక్కు మట్టి ఉన్నదా చూసిన్రా?

బీటెక్_కాజీపేట | రాత్రి 9:58
ఊకె అంచనాలు వద్దు, లెక్క చూద్దాం. 185/65 ఆర్15 టైరనుకుంటే చుట్టుకొలత దగ్గరదగ్గర 1.95 మీటర్లు. 90 స్పీడంటే సెకనుకు 25 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 13 చుట్లు తిరుగుతాంది. అదే టైంల ఇంజన్ 2 వేల ఆర్‌పీఎం మీదుంటే సెకనుకు 33 చుట్లు. అందుకే చక్రం వణుకు దడ్ దడ్ అని తగుల్తది, ఇంజన్ వణుకు జుమ్మని సన్నగ తగుల్తది.

రిమ్ అంచున 30 గ్రాముల తేడా ఉన్నా చాలు, ఆ స్పీడ్‌ల మూడున్నర కిలోల బరువు పెట్టి గుంజినట్టే, అది కూడ సెకనుకు 13 సార్లు. స్పీడ్ డబుల్ అయితే దెబ్బ నాలుగింతలు. మరి 105 దాటితే ఎందుకు తగ్గుతాందంటే, సస్పెన్షన్‌కు దానిదంటూ ఒక ఊపు ఉంటది, చక్రం తిరుగుడు ఆ ఊపుతోటి కలిసిన కాడనే మనకు ఎక్కువ తెలుస్తది.

ఇంకో టెస్ట్. 90 మీద పోతా ఉండి యాక్సిలరేటర్ వదిలి న్యూట్రల్ వేయండి. వణుకు అట్లనే ఉంటే చక్రాలు. పోతే ఇంజన్ మౌంటింగో, ఇంజన్ తిప్పుడును చక్రాలకు అందించే డ్రైవ్ షాఫ్టో. ఇగ నన్నడిగితే కంపెనీ వర్క్‌షాప్. ఇంజన్ కోడ్‌లు చదివే స్కానర్ ఉంటది, బిల్లు ఉంటది. మేస్త్రీలది అందాజా పని.

స్టీరింగ్_29_ఏండ్లు | రాత్రి 10:04
హైవే మీద 90 స్పీడ్‌ల న్యూట్రలా? తమ్మీ, నువ్వు బండి తోలినవా, కాలేజీల బొమ్మ గీసినవా?

బీటెక్_కాజీపేట | రాత్రి 10:11
ఇంజన్ ఆపమనలేదు కదా పెద్దన్నా. ఇంజన్ నడుస్తాంటే బ్రేక్ బూస్టర్ పనిచేస్తది, స్టీరింగ్ పవర్ ఉంటది. ఖాళీ రోడ్డు మీద పది సెకన్ల ముచ్చట.

స్టీరింగ్_29_ఏండ్లు | రాత్రి 10:19
మేడారం జాతర స్పెషల్ బండ్లు తోలిన. తాడ్వాయి అడవిల రాత్రిపూట ముందు బండి లైటు తప్ప ఏం కనపడకపోయేది. గేర్ల లేని బండి నా చేతుల లేని బండి. పది సెకన్లు అంటానవ్, 90 మీద పది సెకన్లంటే పావు కిలోమీటర్. రఘునాథపల్లి కాడ అడ్డంగ ఒక బర్రె వస్తే నీ లెక్క ఆపుతదా?

జనగామ_బైపాస్ | రాత్రి 10:22
క్లచ్ తొక్కి చూస్తే సరిపోదా?

బీటెక్_కాజీపేట | రాత్రి 10:30
బర్రె వస్తే గేర్ల ఉన్నా బ్రేకే కొడతరు పెద్దన్నా. 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు, పది సెకన్లకు 250 మీటర్లు, లెక్క నాకూ తెలుసు. నేను చెప్పేది రోగం ఎక్కడుందో తెలుసుకునే పద్ధతి. మీరేమో డ్రైవింగ్ లైసెన్స్ క్లాస్ చెప్తాన్రు.

స్టీరింగ్_29_ఏండ్లు | రాత్రి 10:37
29 ఏండ్ల సర్వీసు నాది. క్లాస్ చెప్పే హక్కు ఉన్నది.

నయీంనగర్_సార్ | రాత్రి 10:52
అన్నా, తమ్మీ, న్యూట్రల్ పంచాయితీ తర్వాత పెట్టుకోన్రి. నా బండి సంగతి చెప్పున్రి.

హంటర్‌రోడ్_అబ్బాయి | శనివారం, ఉదయం 7:40
మేస్త్రీ కాడికి మాత్రం పోకున్రి. మా బాపు బండి నిలబడ్డకాడనే వణుకుతాంటే ఒకాయన ఇంజెక్టర్లు అని 14 వేలు ఖర్చు పెట్టిచ్చిండు. చివరికి తేలింది ఏందంటే ఇంజన్ మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయింది. అప్పటి సంది మేస్త్రీ అంటేనే నాకు మంట.

పరకాల_పొలంగట్టు | ఉదయం 7:55
కంపెనోళ్లు తక్కువ తిన్నరా? నా బండి వర్క్‌షాప్‌ల మూడు రోజులు పెట్టుకున్నరు. డిస్క్‌లు, ప్యాడ్‌లు, బేరింగ్ అని 18 వేల ఎస్టిమేట్ చేతుల పెట్టిన్రు. నేను ఇంటికి తెచ్చుకొని చక్రం ఇప్పితే లోపల నల్లరేగడి మట్టి పెచ్చు గట్టిపడి ఉన్నది. పొలం బాటల తిరిగే బండ్లకు ఇది మామూలే. అందుకే రాత్రి అడిగిన. సార్ జవాబియ్యలే.

ఆటోనగర్_పాన | ఉదయం 8:20
రాత్రి సంది చదువుతాన. నేను మేస్త్రీనే, మీరు తిట్టేది నన్నే. ఒక్క మాట అడుగుత. సారూ, ఇది ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండి ఎక్కడికి పోయింది? టైర్ల పంచర్ లిక్విడ్ ఏమన్న పోసిన్రా? అది కింద చేరి కూడ గిట్లనే కొడతది. ఇంత రాసిన్రు గని ఎవ్వలూ ఈ ముచ్చట అడుగలే.

బీటెక్_కాజీపేట | ఉదయం 8:33
అడిగితే అయిపోతదా? కొలవాలె. మీ మేస్త్రీలు చేసేది ఏంది, ఒక పార్ట్ మార్చుడు, పోలేదంటే ఇంకోటి మార్చుడు. షాపోని కాడ కమీషన్. సార్‌కు 6,800 పెట్టి లోయర్ ఆర్మ్‌లు మార్చినాయన ఒక్కసారన్న బండి నడిపి చూసిండా?

ఆటోనగర్_పాన | ఉదయం 9:15
చూడకపోవచ్చు. ఎందుకు చూడలేదో చెప్త, ఇనున్రి.

పోయిన ఎండాకాలం ఒకాయన బండి తెచ్చిండు, పికప్ ఇస్తే వణుకుతది, కాలు తీస్తే పోతది. బండి తీసుకొని ములుగు రోడ్డు మీద రెండుసార్లు పోయొచ్చిన. లిఫ్ట్ మీదికి ఎక్కించిన. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ పట్టి ఊపి చూసిన. దాని మీది రబ్బరు బూట్ చినిగి గ్రీజంత బయటకొచ్చింది. రెండు గంటల పని. "జాయింట్ పోయింది, మార్చాలె" అని చెప్పిన. ఆయన ఏం చేసిండో ఎరుకేనా? చాయ్ తాగు అని 50 రూపాయలు చేతుల పెట్టి, ఆ జాయింట్ పేరు కాగితం మీద రాసుకొని హైదరాబాద్ పోయి తక్కువకు ఏయించుకున్నడు.

అదే నేను ఏం చూడకుంట నాలుగు పార్ట్‌లు మార్చి 7 వేలు బిల్లు ఏసుంటే కిక్కురుమనకుంట ఇచ్చిపోతుండె. చూసినందుకు పైసలిచ్చేటోడు లేడు, మార్చినందుకే ఇస్తరు. డాక్టర్ కాడ మందు రాయకున్నా ఫీజు కడతరు కదా. మేం ఏం పాపం చేసినం?

హంటర్‌రోడ్_అబ్బాయి | ఉదయం 9:22
అంటే 14 వేలు పెట్టిచ్చుడు కరెక్టే అంటవా?

ఆటోనగర్_పాన | ఉదయం 9:24
అనలేదు. మీ బాపు కాడ 14 వేలు తీసుకున్నోడు దొంగనే. గని నేను చెప్పేది ఆ దొంగ గురించి కాదు.

స్టీరింగ్_29_ఏండ్లు | ఉదయం 9:50
పాన తమ్మి మాటల నిజమున్నది. మా డిపోల బండి దిగంగనే కంప్లయింట్ రాస్తుంటిమి. లెఫ్ట్ గుంజుతాంది, బ్రేక్ కొడితే ఊగుతాంది, గట్ల. మెకానిక్‌కు నెల జీతం. పార్ట్ మార్చినా గంతే, మార్చకున్నా గంతే. అందుకే పండుకొని లోపలికి దూరి చూసేటోడు. బయటి మేస్త్రీకి ఆ జీతం ఎవలిస్తున్నరు? కంపెనీ వర్క్‌షాప్‌ల కూడ అంతే తమ్మీ. స్కానర్ పెడతరు, ఎక్కువ బిల్లు చేసినోన్నే మెచ్చుకుంటరు.

న్యూట్రల్ సంగతి మాత్రం నేను మారలే.

బీటెక్_కాజీపేట | ఉదయం 10:02
నేనూ మారలే.

నయీంనగర్_సార్ | ఉదయం 11:30
పాన గారూ, మీరు అడిగినంక యాదికొచ్చింది. నాట్లప్పుడు మా బామ్మర్ది పొలం కాడికి పోయిన. బాట మొత్తం బురద, రెండు కిలోమీటర్లు ఫస్ట్ గేర్లనే పోయినం. ఆ వారమే వణుకుడు మొదలైంది. బ్యాలెన్సింగ్ చేయించినంక రెండు రోజులు మంచిగనే ఉండె. మూడో రోజు వాటర్ సర్వీసింగ్ చేయించిన, మల్ల షురూ అయింది. పంచర్ లిక్విడ్ ఎన్నడూ పోయలే.

పరకాల అన్నా, జవాబియ్యనందుకు ఏమనుకోకు. ఇప్పుడే ముందు ఎడమ చక్రం ఇప్పిన. నువ్వు చెప్పినట్టే ఉన్నది. రిమ్ లోపలి దిక్కు అరచేతంత మట్టి పెచ్చు, ఎండి రాయి లెక్క అయింది. దానికి ఎదురు పక్కన రిమ్‌కు అంటించిన వెయిట్లు వరుసగ ఉన్నయ్. పక్కనే ఇంకో కాడ మట్టి ఊడిపోయిన మరక కనపడతాంది. స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే పెళ్లలు పెళ్లలుగ ఊడింది. కిరాణం కొట్ల తూపిస్తే 85 గ్రాములు.

పరకాల_పొలంగట్టు | ఉదయం 11:34
ఇగ చూడున్రి. రాత్రి 9:31కే చెప్పిన.

నయీంనగర్_సార్ | మధ్యాహ్నం 1:05
చక్రం బిగించి మడికొండ దాటి హైవే మీదికి పోయొచ్చిన. ముందటికంటే ఎక్కువ కొట్టుకుంటాంది! 75 కాడనే మొదలైతాంది. మట్టి తీసి తప్పు చేసిన్నా?

హంటర్‌రోడ్_అబ్బాయి | మధ్యాహ్నం 1:09
అందుకే అన్న, కంపెనీకి పొమ్మని.

ఆటోనగర్_పాన | మధ్యాహ్నం 1:31
సారూ, గదే జరగాలె, భయపడకున్రి. బ్యాలెన్సింగ్ షాపోడు మట్టితోనే చక్రాన్ని మిషన్ మీదికి ఎక్కించిండు. మిషన్‌కు మట్టి ఏందో రిమ్ ఏందో ఎరుకనా? అది చెప్పిన కాడ వెయిట్లు అంటించిండు. అంటే మీ మట్టికి సరిజోడు వెయిట్ పెట్టిండన్నట్టు. అందుకే రెండు రోజులు మంచిగున్నది. వాటర్ సర్వీసింగ్‌ల మట్టి సగం రాలింది, వెయిట్లు అట్లనే ఉన్నయ్. ఇప్పుడు మీరు మిగిలిన మట్టి కూడ తీసిన్రు, ఎదురు లేకుంట వెయిట్లు ఒక్కటే గుంజుతున్నయ్. పాత వెయిట్లన్నీ పీకి, రిమ్ లోపల బయట కడిగి, కొత్తగ బ్యాలెన్స్ చేయాలె. లోయర్ ఆర్మ్‌లు, పాపం, ఊకెనే పోయినయ్.

బీటెక్_కాజీపేట | మధ్యాహ్నం 1:48
లెక్కకు సరిపోతాంది. 85 గ్రాములంటే 90 స్పీడ్‌ల 9 కిలోల పైన గుంజుడు. ఒప్పుకుంటాన, స్కానర్‌ల ఇది కనపడదు. ఇంజన్ కోడ్‌లకు దీనికి సంబంధం లేదు. కాని ఆ బ్యాలెన్సింగ్ షాపోడు కూడ మేస్త్రీనే కదా? చక్రం కడిగి ఎక్కించాలని తెల్వదా?

ఆటోనగర్_పాన | మధ్యాహ్నం 2:02
తెలుసు. నాలుగు చక్రాలకు మీరిచ్చే పైసలల్ల కడుగుడు లేదు. కడుగుత, ఇంకో వంద ఇయ్యున్రి అంటే పక్క షాపుకు పోతరు.

స్టీరింగ్_29_ఏండ్లు | మధ్యాహ్నం 2:10
అన్నీ అయినయ్ గని, సారు బ్రేక్ తొక్కితే దడదడ అంటాందన్న ముచ్చట అందరూ మర్చిపోయిన్రు. అది మట్టి తోటి రాదు.

ఆటోనగర్_పాన | మధ్యాహ్నం 2:25
అవు, అది వేరే రోగం. బ్రేక్ తొక్కినప్పుడే వస్తే డిస్క్ చూడాలె. ఇన్నిసార్లు చక్రాలు ఇప్పి బిగించిన్రు, నట్లు బిగించే గన్ పెట్టి ఒక నట్టు ఎక్కువ, ఒక నట్టు తక్కువ బిగిస్తే డిస్క్ వంకర కూసుంటది. హబ్ మీద తుప్పు ఉన్నా అంతే. వంకర కొలిచే డయల్ గేజ్ పెట్టి తిప్పితే తెలిసిపోతది. వెంట్రుక మందం తేడా ఉన్నా పెడల్‌ల తగుల్తది. కొత్త డిస్క్‌లు కొనకున్రి ఇప్పుడే.

నా కాడికి తెస్తే నాలుగు చక్రాలు ఇప్పి, కడిగి, డిస్క్‌లు గేజ్ పెట్టి చూసి, మీరు పక్కన కూసోంగ బండి నడిపి చెప్త. చూసినందుకు 500. ఏమన్న మార్చాల్సొస్తే అది వేరే, పార్ట్ మీరే తెచ్చుకోన్రి.

హంటర్‌రోడ్_అబ్బాయి | మధ్యాహ్నం 2:31
ఉట్టిగ చూసినందుకు 500 ఆ?

నయీంనగర్_సార్ | మధ్యాహ్నం 3:15
నాకూ అదే అనుమానం, తప్పుగ అనుకోకున్రి. ఏం లేదు, నట్లు సరిగ బిగిస్తే అయిపోయింది అంటే కూడ 500 ఇయ్యాల్నా?

ఆటోనగర్_పాన | మధ్యాహ్నం 3:18
గప్పుడే ఇయ్యాలె సారూ.

నయీంనగర్_సార్ | మధ్యాహ్నం 4:40
సరే. గురువారం లీవ్ పెడుత, పొద్దుగాల 9 గంటలకు వస్త. బండి కడిగించుకొని రావాల్నా?

ఆటోనగర్_పాన | మధ్యాహ్నం 4:42
వద్దు వద్దు. కడగకుంట తే. మిగిలిన మూడు చక్రాలల్ల ఏమున్నదో నేనే చూస్త.